సముద్రం పక్కన ఊళ్లో ఇల్లు కొనేముందు ఇసుక ఎటు పోతోందో చూడండి

"సముద్రం ఒడ్డున ఊళ్లో చాలా ఏళ్లుగా ఉంటున్నవాళ్లు చెప్పండి, ఊరు ఎలా మారుతుంది? అక్కడ ఇల్లు కొనుక్కోవచ్చా?" అని అడిగారు. చాలామంది టూరిస్టులు, హోటళ్లు, ట్రాఫిక్ అని మొదలుపెడతారు. అవన్నీ పైపై మార్పులు. నన్నడిగితే ఇలాంటి ఊరికి ఇసుకే ఆధారం. అది తరగడం మొదలైతే మిగతావన్నీ దాని వెనకే పోతాయి.

ఇసుక ఒకచోట పడి ఉండదు. అలలు ఒడ్డుకి ఏటవాలుగా తగులుతాయి కాబట్టి, దాన్ని ఒడ్డు వెంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జరుపుకుంటూ పోతాయి. మాకు రావాల్సిన ఇసుక పక్క ఊరి మీదుగానే రావాలి. ఆ ఊళ్లో బోట్లు నిలుపుకోవడానికి సముద్రంలోకి పొడుగ్గా రాళ్ల గట్టు కట్టారు. కట్టిన కొత్తలో మాకేమీ తేడా తెలియలేదు.

తర్వాత ఒక రాత్రి తుఫాను వచ్చింది. తెల్లారేసరికి మా వీధి చివర, బీచ్‌లోకి దిగే సిమెంటు మెట్ల దగ్గర జనం మూగారు. అంతకుముందు దాకా సగం ఇసుకలో కూరుకుపోయి ఉండే ఆఖరి మెట్టు, మనిషి ఎత్తున గాల్లో వేలాడుతోంది. దాని పక్కన ఎప్పుడు పాతారో ఎవరికీ గుర్తులేని పాత నీళ్ల పైపు బయటపడింది. పిల్లలు ఆ మెట్టు మీంచి కిందకి దూకుతుంటే తల్లులు కేకలేస్తున్నారు. పెద్దవాళ్లంతా సముద్రాన్ని తిట్టిపోస్తున్నారు. వలలు బాగుచేసే ఒక పెద్దాయన మాత్రం సముద్రం వైపు చూడనే లేదు. గట్టున్న దిక్కుకి చెయ్యి చూపించి, "మన ఇసుకంతా అక్కడ కూర్చుంది బాబూ, పోయి చూసిరా" అన్నాడు.

పోయి చూశాను. గట్టుకి అవతలి వైపు బీచ్ రెట్టింపు వెడల్పయింది. పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు.

కొన్నాళ్లకి అధికారులు వచ్చి కొలతలు తీసుకుని, మా వీధి ముందు పెద్ద పెద్ద బండరాళ్లు పోయించారు. రోడ్డు నిలిచింది. కానీ రాళ్లకి కొట్టుకుని వెనక్కి మళ్లే అల కింద ఉన్న ఇసుకని కూడా తోడేస్తుంది, కాబట్టి బీచ్ పోయింది. ఇప్పుడు మా తర్వాత ఇసుక అందాల్సిన ఊరివాళ్లు, తమకి ఇసుక రావట్లేదని మమ్మల్ని తిడుతున్నారు. ఇంగ్లండ్‌లోని మాపుల్టన్ అనే ఊళ్లోనూ ఇదే కథ. 1991లో రాళ్ల గట్లు కట్టి ఊరిని కాపాడుకున్నారు, దానికి దక్షిణాన పొలాల కోత పెరిగింది. డచ్చివాళ్లు 2011లో ఇంకో దారి పట్టారు: సుమారు 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకని ఒక్కచోట పోసి, దాన్ని ఒడ్డు వెంట పంచే పని అలలకే వదిలేశారు. బుర్రంటే అదీ!

"అదంతా సముద్రమట్టం పెరగడం వల్ల" అని కొందరంటారు. 1900 నుంచి సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిన మాట నిజమే. కానీ మనిషి ఎత్తు ఇసుక ఒక్క రాత్రిలో పోయిందంటే నేను గట్టునే తప్పుపడతాను.

ఇంకో బాధ, సెలవుల ఇళ్లు. ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటాయి, లాన్‌కి మాత్రం బోరు ఆగదు. ఒడ్డు దగ్గర నేల కింద మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. లెక్క ప్రకారం, నీటిమట్టం సముద్రమట్టం కన్నా 1 మీటరు పైన ఉంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీళ్లుంటాయి. అంటే పైన కాస్త తోడినా కింద ఉప్పు చాలా పైకొస్తుంది. వాళ్ల గడ్డి పచ్చగానే ఉంది, మా బావి నీళ్లు మాత్రం నోట్లో పెట్టుకోలేం. అడిగితే "మేం బాటిల్ నీళ్లే తాగుతాం కదా" అంటారు.

ఇక ఇల్లు కొనడం సంగతి. సముద్రం ప్రశాంతంగా ఉండే నెలల్లో చూసి అడ్వాన్స్ ఇవ్వకండి, అలలు పెద్దగా లేచే కాలంలో వెళ్లండి. ఇసుక ఎటువైపు నుంచి వస్తుందో చేపలు పట్టేవాళ్లని అడిగి, అటువైపు గట్టు గానీ హార్బరు గానీ ఉందేమో నడిచి వెళ్లి చూడండి. బావి నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. బ్రోకర్ మేడ మీదకి తీసుకెళ్లి వ్యూ చూపిస్తానంటే, ముందు కిందకి దిగే మెట్లు చూపించమనండి.