యానాంలో బండి పోతే ఏ స్టేషనుకెళ్లాలి?

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ బండి యానాంలో పోయిందనీ, ఇవతల స్టేషనులో "అది మా పరిధి కాదు, వంతెన దాటి వెళ్లు" అన్నారనీ అమ్మ ఫోనులో చెప్పింది. వాళ్లన్నది సగమే నిజం.

ఎదుర్లంక వంతెన దాటితే భాష మారదు, పులస ధర మారదు గానీ పోలీసు మారిపోతాడు. రాజ్యాంగం పోలీసునీ శాంతిభద్రతల్నీ రాష్ట్రాల జాబితాలో పెట్టింది. అందుకే ఇవతల ఎస్సై అమలాపురం ఎస్పీ కింద, యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోది గనక అవతల ఎస్సై పుదుచ్చేరి పోలీసు. మన కేసు పైకెళ్తే అమరావతి హైకోర్టుకి, యానాం కేసు మద్రాసు హైకోర్టుకి.

చట్టం మాత్రం రెండు ఒడ్డులకీ పార్లమెంటు చేసిందే. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అదే. ఇక్కడ కట్టి అక్కడికి పంపుతారు. అయినా నా మాట విని తిన్నగా యానాంకే వెళ్లు. సీసీ కెమెరాలు చూడాల్సింది వాళ్లే. ఎక్కడో దూరాన చిక్కుకున్నవాడికి జీరో ఎఫ్ఐఆర్ గానీ, వంతెన అవతలికి నీకెందుకు?

ఫిర్యాదులో ఇంజను, ఛాసిస్ నంబర్లు రాయి. పాత బండే కదా అని విలువ రెండు మూడు వేలని రాసేవు, జాగ్రత్త. 5,000లోపు దొంగతనమైతే మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా పోలీసు దర్యాప్తు చెయ్యడు. ఇన్సూరెన్సు కాగితంలో ఉన్న విలువే రాయి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకో. కేసు కట్టకపోతే అదే ఫిర్యాదు అక్కడి ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు కోర్టు.

బావగారు సీబీఐకి రాస్తానంటున్నారట! వద్దని చెప్పు. 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టం కింద నడిచే సంస్థ అది. రాష్ట్రం సమ్మతిస్తేనో, హైకోర్టో సుప్రీంకోర్టో ఆదేశిస్తేనో గానీ మన రాష్ట్రం కేసుల్లో వేలు పెట్టలేదు. 2018 నవంబరులో మన రాష్ట్రం ఆ సమ్మతి వెనక్కి తీసుకుంది, 2019లో ప్రభుత్వం మారాక మళ్లీ ఇచ్చింది. అప్పుడు అరుగు మీద కూర్చుని వాదించిందీ ఆయనే.

ఇన్సూరెన్సువాళ్లకి ఇవాళే ఫోను చెయ్యి. బండి తాళాలు రెండూ అడుగుతారు, రెండోది అమ్మ బీరువాలో ఉందేమో చూడు.

మీ మావయ్య