అమెరికాలో స్థిరపడ్డ ఎ.కె. రామానుజన్‌ను ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

మీ అమ్మాయికి డిగ్రీలో రామానుజన్ ఇంగ్లీషు కవితలున్నాయి, అమెరికాలో ఉండి రాసినాయన మన ఊళ్ల గురించి ఏం చెప్తాడు అని అడిగారు. నెల్లూరులో చాలాకాలం ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

జీవిత విశేషాలు గైడులో ఎలాగూ ఉంటాయి. 1929లో మైసూరులో పుట్టాడు, 1959లో అమెరికా వెళ్లాడు, ఆ తర్వాత చికాగో యూనివర్సిటీలో చేరి 1993లో పోయేదాకా అక్కడే పని చేశాడు. దూరం వెళ్లినవాళ్లు ఊరిని తలుచుకుని బెంగపడిపోతారు చూడండి, ఈయన దగ్గర అది బాగా తక్కువ.

మదురై నది మీద రాసిన కవితతో మొదలుపెట్టమనండి. 1966లో వచ్చిన మొదటి సంపుటిలోది. ఎండాకాలంలో ఇసుక తేలిన నది, వంతెన కింద తుప్పు పట్టిన ఊచలకు చుట్టుకున్న గడ్డీ ఆడవాళ్ల వెంట్రుకలూ. కవులేమో వరదనే పాడారట. వరద వచ్చినప్పుడు జనం ఎన్ని మెట్లు మునిగాయో లెక్కపెట్టుకున్నారు. కొట్టుకుపోయిన నిండు చూలాలి గురించి ఎవరూ పద్యం కట్టలేదు. రెండు ఆవులు కూడా పోయాయి, వాటికి మాత్రం పేర్లున్నాయి: గోపి, బృంద. ఆమెకు పేరు లేదు. కవిత మొత్తానికి కీలకం ఇదేనని నా లెక్క.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోయాక ఈ పాఠం చెప్పాను. కోవూరు నుంచి వచ్చే ఒక పిల్ల లేచి, "మా ఇంట్లోనూ అంతే సార్, సోమశిల నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారనే మాటే" అంది. ఆ ఏడాది వేరే వివరణ అక్కర్లేకపోయింది.

విమర్శకుడిగా చూడాలంటే, భారతీయుల ఆలోచనా తీరు మీద ఆయన రాసిన వ్యాసం చదవాలి. వాళ్ల నాన్న లెక్కల ప్రొఫెసరు, జాతకాలూ చూసేవాడు. రెండూ ఒక బుర్రలో ఎలా ఇముడుతాయన్న కొడుకు చిరాకులోంచి పుట్టిన ఆలోచన అది. మన ఇళ్లలో ఇస్రో ఉద్యోగమూ రాహుకాలమూ పక్కపక్కనే ఉంటాయిగా, మీకు వెంటనే పడుతుంది. ప్రేమ కవితలు మాత్రం నాకంత ఎక్కవు.

తెలుగువాళ్లకు ఇంకొకటుంది. తెలుగు సాహిత్య పండితులు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లతో కలిసి క్షేత్రయ్య పదాలను ఇంగ్లీషు చేశాడు. పుస్తకం ఆయన పోయాక, 1994లో వచ్చింది. మూలం పక్కన పెట్టుకుని చదవమనండి. పరీక్షకి రాదులెండి, అయినా చదవమనండి.