అక్కా, ఇది గర్వమేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే కలిపి పెట్టేశా. పేర్లు వెయ్యొద్దన్నారు, వెయ్యట్లేదు.

ప్రశ్న: వందనాలక్కా. మా చర్చిలో ఎనిమిదేళ్ళుగా ఆరాధనలో నేనే లీడ్ పాడుతున్నా. ఎవరైనా "సిస్టర్, బాగా పాడారు" అంటే "దేవునికే మహిమ" అంటాను గానీ ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనవు. పోయిన క్రిస్మస్‌కి పాస్టర్ అయ్యగారు కొత్తగా వచ్చిన ఇంటర్ పిల్లకి లీడ్ ఇచ్చారు. ఆ పిల్ల శ్రుతి తప్పినప్పుడు నాకు లోపల సంతోషం వేసింది, రాయడానికే సిగ్గుగా ఉంది. ఇంత గర్వం పెట్టుకుని పాడటం పాపం కదా, మానేద్దామనుకుంటున్నా.

జవాబు: చెల్లీ, ముందు మానెయ్యకు. మానేస్తా అన్నదాంట్లో కూడా "నేను లేకపోతే అప్పుడు తెలిసొస్తుందిలే" అనేది ఓ మూల కూర్చుని ఉంటుంది, నాకెలా తెలుసంటే నేనూ ఒకసారి సండే స్కూల్ వదిలేసి మూడు వారాలు ఇంట్లో కూర్చుని ఎవరైనా బతిమాలడానికి ఫోన్ చేస్తారేమో అని చూశా. ఎవరూ చెయ్యలేదు. పిల్లలు హాయిగా ఉన్నారట, పైగా కొత్త టీచర్ చాక్లెట్లు కూడా ఇస్తోందట.

బాగా పాడావు అంటే సంతోషం వెయ్యడం గర్వం కాదు. వండిన కూర బాగుందంటే సంతోషం వెయ్యదా? అది మనిషి లక్షణం, దానికి కన్నీటి ప్రార్థన అక్కర్లేదు. "దేవునికే మహిమ" అనే మాట మంచిదే, కాకపోతే మనం దాన్ని వర్షంలో గొడుగులాగా వాడుతున్నాం, పొగడ్త పడగానే టక్కున తెరుస్తాం. లూకా 18లో పరిసయ్యుడి, అంటే మహా నిష్ఠగా ఉండే ఆ యూదుడి, ప్రార్థన ఎలా మొదలైందో చూడు, దేవుడికి కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తూనే మొదలైంది! మహిమంతా దేవుడికే ఇచ్చాడు పాపం, ఇచ్చి దూరంగా నిలబడ్డ సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడి, వైపు చూశాడు. ఇబ్బంది ఆ చూపులో ఉంది. ఈసారి ఎవరైనా మెచ్చుకుంటే "థాంక్సండి, ఆ చరణం నాకూ చాలా ఇష్టం" అని ఊరుకో. పేతురు కూడా ప్రభువు కాళ్ళు కడగడానికి వస్తే నువ్వు నా పాదాలు ఎన్నడూ కడగకూడదు అన్నాడు, చూడ్డానికి ఎంత వినయం, కానీ ప్రభువు ఒప్పుకోలేదు కదా. ఇచ్చింది తీసుకోవడం రాకపోతే అది కూడా ఓ రకం బెట్టే.

ఇక ఆ ఇంటర్ పిల్ల సంగతి. నీ ఉత్తరంలో నిజమైన జబ్బు అక్కడుంది, నువ్వే పట్టేశావు కూడా, అందుకే నాకు నీ మీద బెంగ లేదు. యోహాను 3వ అధ్యాయం తియ్యి. "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అనే మాట క్యాలెండర్ల మీద చూస్తుంటాం గానీ అది ఏ సందర్భంలో వచ్చిందో చాలామంది చూడరు. బాప్తిస్మమిచ్చే యోహానుకి స్వయంగా అసూయ పుట్టలేదు, ఆయన శిష్యులు మోసుకొచ్చారు, బోధకుడా అందరూ ఆ యేసు దగ్గరికే పోతున్నారు అని. తలలు లెక్కపెట్టింది వాళ్ళు. నేను పెళ్ళికుమారుడి స్నేహితుణ్ణి, ఆయన స్వరం వింటే చాలు నాకు సంతోషం అని యోహాను వాళ్ళ నోరు మూయించాడు. నీ చుట్టూ కూడా "అక్కా నువ్వు పాడితేనే ఆరాధనక్కా, ఆ పిల్లకేం వచ్చు" అనేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు, నిజం చెప్పు. ముందు వాళ్ళని ఆపు. తర్వాత శనివారం ప్రాక్టీసుకి ఆ పిల్ల దగ్గర కూర్చుని తను ఎక్కడ శ్రుతి తప్పిందో అక్కడ కీబోర్డ్ మీద స్కేల్ ఒక మెట్టు దించి పాడించు. మొదటి రెండు వారాలు నీకు కడుపు మండుతుంది. మండనీ.

ప్రశ్న: అక్కా, మాది ఒంగోలు దగ్గర పల్లె. మా సంఘంలో కొన్ని కుటుంబాల వాళ్ళు "మేము క్లౌ దొరగారి కాలం నుంచి విశ్వాసులం" అంటారు. వాళ్ళకి ముందు వరస, పెద్దల కమిటీ, మైకు అన్నీ. రెండేళ్ళ క్రితం రక్షణ పొందిన మాలాంటి వాళ్ళని "కొత్తోళ్ళు" అంటారు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) దగ్గరికి కూడా చివర్లోనే పిలుస్తారు. ఇదేం వినయం?

జవాబు: తమ్ముడూ, వాళ్ళు చెప్పే ఆ క్లౌ దొర కథే వాళ్ళకి మళ్ళీ చెప్పాలి, పూర్తిగా. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి తన వాళ్ళని దొర దగ్గరికి తీసుకురావడం మొదలుపెట్టాడు, అదే టైంలో ఒంగోలులో బ్రాహ్మణులు కూడా కొందరు ఆసక్తి చూపించారు. చూపించి, వీళ్ళని చేర్చుకుంటే మేము రాము అన్నారు. దొరకి ఎటూ తోచలేదు, ఎందుకంటే పెద్ద కులం వాళ్ళు ముందొస్తే మిగతా ఊరంతా వెనకాలే వస్తుందని ఆ రోజుల్లో చాలామంది మిషనరీల లెక్క. ఆయన ఒక గదిలో, ఆయన భార్య వేరే గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం వచ్చిందట, మొదటి కొరింథీ 1వ అధ్యాయం 26 నుంచి. మీలో ఘనులు అనేకులు పిలవబడలేదు, దేవుని ఎదుట ఏ శరీరీ అతిశయపడకూడదు అని ఉంటుంది అక్కడ. అంతే, మాదిగ వాళ్ళని చేర్చుకున్నారు, రామన్నవాళ్ళు రాలేదు.

అంటే మీ ఊళ్ళో ముందు వరసలో కూర్చున్నవాళ్ళ ముత్తాతలు ఒకప్పుడు ఎవరూ పక్కన కూర్చోనివ్వని మనుషులు. వాళ్ళకి చోటు దొరికిందే "అతిశయపడకూడదు" అనే వచనం మీద. ఇప్పుడు ఆ చోటునే అతిశయం చేసుకున్నారు.

ఇంకోటి కూడా చెప్పు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, ఆ కరువు పని జరుగుతున్నన్నాళ్ళూ బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు, కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ అంకె మనం స్టేజీల మీద ఎంత గట్టిగా చెప్తామో! నీళ్ళల్లో నిలబడి ఆ బాప్తిస్మాలు ఇచ్చింది మాత్రం మన తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా దిగి, అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగి. వాళ్ళ పేర్లు అడిగితే ఎంతమంది చెప్తారు? ఆ రోజు గుండ్లకమ్మ ఒడ్డున ఉన్నవాళ్ళంతా కొత్తోళ్ళే తమ్ముడూ.

నీకొక మాట కూడా ఉంది, కోపం తెచ్చుకోకు. వాళ్ళ ముందు వరస చూసి నీకు మండుతోంది న్యాయం కోసమా, ఆ కుర్చీ కోసమా? న్యాయం కోసమే అయితే పెద్దల మీటింగులో అందరి ముందూ అడుగు, బల్ల దగ్గర వరస ఎందుకని. కుర్చీ కోసమే అయితే ఇంకో పదేళ్ళకి నువ్వూ ఎవర్నో కొత్తోడు అంటావు.

ప్రశ్న: అక్కా, నా భర్త రెండుసార్లు చెయ్యి చేసుకున్నారు. నా జీతం ఏటీఎం కార్డు మా అత్తగారి దగ్గరే ఉంటుంది. చర్చిలో పాస్టర్ అమ్మగారికి చెప్తే "తగ్గించుకోమ్మా, ఎదురు మాట్లాడితే గర్వం" అన్నారు. నిజమేనా?

జవాబు: కాదు. తెలుగు మాటలోనే చూడమ్మా, "తగ్గించుకో" అనేదాంట్లో "కో" ఉంది. ఫిలిప్పీ 2లో ప్రభువు గురించి కూడా "తన్ను తాను" తగ్గించుకొనెను అనే ఉంది, ఎవరో ఆయన జుట్టు పట్టుకుని తగ్గించారని లేదు. చెయ్యి చేసుకుని, కార్డు లాక్కుని ఇంకొకళ్ళని తగ్గించడం వినయం నేర్పడం కాదు, అది వాళ్ళ గర్వం. ఆ మాట అమ్మగారు మీ ఆయనకి చెప్పాలి ముందు.

బైబిల్లో ఆ ఫిలిప్పీ ఉత్తరం రాసిన పౌలుకీ ఆ ఫిలిప్పీ ఊరికీ ఓ పాత లెక్క ఉంది, అపొస్తలుల కార్యములు 16 చదువు. విచారణ లేకుండా పౌలునీ సీలనీ నడిబజార్లో కొట్టించి జైల్లో వేశారు, పొద్దున్నే గుట్టుగా వెళ్ళిపొమ్మని కబురు పంపారు. పౌలు వెళ్ళలేదు. మేము రోమా పౌరులం, అందరి ముందు కొట్టించి ఇప్పుడు చాటుగా పంపిస్తారా, వాళ్ళనే వచ్చి తీసుకెళ్ళమనండి అన్నాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. బయటికొచ్చాక కూడా తిన్నగా ఊరు దాటిపోలేదు, లూదియ ఇంటికెళ్ళి సహోదరుల్ని చూసి ధైర్యం చెప్పి మరీ వెళ్ళాడు. అదే ఊరి సంఘానికి కొన్నేళ్ళ తర్వాత వినయమైన మనసు కలిగి ఉండండి అని రాసింది ఈ మనిషే. ఆ సంఘంలో వాళ్ళకి ఆ జైలు సంగతి బాగా గుర్తుండే ఉంటుంది కదా, ఆయన వినయం అన్నప్పుడు నోరుమూసుకుని పడుండమని వాళ్ళు అర్థం చేసుకుని ఉండరు.

అందుకని బ్యాంకుకెళ్ళి ఆ కార్డు బ్లాక్ చేయించి కొత్తది నీ చేతికి తీసుకో. మళ్ళీ చెయ్యి ఎత్తితే 181కి ఫోన్ చెయ్యి, అది మహిళల హెల్ప్‌లైన్, రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది. అమ్మగారి దగ్గరికి ఇంకోసారి వెళ్ళాల్సి వస్తే ఒక్కదానివే వెళ్ళకు, మీ అన్నయ్యనో పెద్దమ్మనో వెంటబెట్టుకుని వెళ్ళి కార్యములు 16 వాళ్ళ ముందే తెరిచి పెట్టు. నాకు మళ్ళీ రాయి, కార్డు వచ్చిందో లేదో.