పాఠకుల ప్రశ్నలు – జవాబులు: చేసే పనిని సందర్శకులకు చూపించడం

ప్రశ్న: పెంకుపురుగుల వర్గీకరణపై పరిశోధన చేస్తున్నాను. నెలకొకసారి మ్యూజియంలో బల్ల వేసుకుని కూర్చుని, నా పని గురించి సందర్శకులకు చెప్పమన్నారు. మొదటిసారి పెద్ద పోస్టర్ తయారుచేసుకుని వెళ్లాను. వచ్చినవాళ్లు మర్యాదకు కాసేపు తలూపి వెళ్లిపోయారు. లోపం ఎక్కడుందంటారు?
– ఒక యువ పరిశోధకురాలు

జవాబు: లోపం పోస్టర్‌లో ఉంది. అది సదస్సుల్లో సాటి పరిశోధకుల కోసం తయారుచేసే వస్తువు. అందులో పని అప్పటికే పూర్తయిపోయి ఉంటుంది, ఫలితం మాత్రమే కనిపిస్తుంది. మ్యూజియానికి వచ్చిన మనిషి, తన కళ్ల ముందు ఏదైనా జరుగుతుంటే ఆగుతాడు. కాబట్టి ఈసారి బల్ల మీద ఒక పెట్టె, ఒక భూతద్దం, పిన్నుకు గుచ్చిన ఒకే ఒక్క పెంకుపురుగు పెట్టుకోండి. పురుగు కింద అదే పిన్నుకు ఉండే చిన్న చీటీని మీరు చదివి వినిపించకండి, భూతద్దం వాళ్ల చేతికిచ్చి వాళ్లచేతనే చదివించండి. ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది, ఎవరు పట్టారు అన్న వివరాలు తప్ప ఆ చీటీలో పెద్దగా మరేమీ ఉండదు. అప్పుడు, ఈ చీటీ పోతే ఈ పురుగు మాకు చాలావరకు పనికిరాకుండా పోతుందని చెప్పండి. ఎందుకని వాళ్లే అడుగుతారు. అసలు సంభాషణ అక్కడ మొదలవుతుంది.

ఆ ప్రశ్నకు జవాబుగా చెప్పదగిన ఉదంతాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది డేగ గుడ్లది. బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగల సంఖ్య పడిపోతూ, గూళ్లలో చిట్లిన గుడ్లు కనిపిస్తున్న రోజుల్లో, డెరెక్ రాట్‌క్లిఫ్ అనే శాస్త్రవేత్త పాత సేకరణల్లోని గుడ్లను పరిశీలించారు. పూర్వం గుడ్లు సేకరించేవాళ్లు చిన్న రంధ్రం చేసి లోపలి సొన తీసేసి, ఖాళీ పెంకును తేదీతో సహా భద్రపరిచేవారు. ఆ పెంకు బరువును దాని పొడవు వెడల్పుల లబ్ధంతో భాగిస్తే, గుడ్డును పగలగొట్టకుండానే పెంకు మందం ఏపాటిదో అంచనాకు వస్తుంది. అలా లెక్కగట్టి చూస్తే 1940ల చివరి నుంచి పెంకులు ఉన్నట్టుండి పలచబడ్డాయని తేలింది, ఆ ఫలితాన్ని ఆయన 1967లో ప్రకటించారు. డీడీటీ అనే పురుగుమందు వాడకం విస్తరించిన కాలం కూడా అదే. తల్లిపక్షి ఒంట్లో డీడీటీ నుంచి ఏర్పడే డీడీఈ అనే పదార్థం పెంకుకు కాల్షియం సరిగా చేరనివ్వదని, అందుకే పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్లు చిట్లుతున్నాయని ఆ తరువాతి పరిశోధనలు తేల్చాయి. డీడీటీ వాడకంలోకి రాకముందే ఆ గుడ్లను దాచినవాళ్లు, అవి ఒకనాడు ఇలాంటి ప్రశ్నకు సాక్ష్యమవుతాయని ఊహించి ఉండరు. చీటీ మీద తేదీ రాసి ఉండటం వల్లే ఇదంతా సాధ్యమైంది. మీ పురుగు కింది చీటీ కూడా అలాంటిదేనని ఆ తరువాత మీరు విడమరచి చెప్పనక్కరలేదు.

చేతులతో చేసి చూపించడంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం పద్ధతి గమనించదగినది. భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో ప్రారంభించిన ఆ సంస్థలో, ఎక్స్‌ప్లెయినర్లు అని పిలిచే యువతీయువకులు సందర్శకుల ఎదుటే ఆవు కన్నును కోసి చూపిస్తారు. అందులోంచి తీసిన కటకాన్ని వార్తాపత్రిక మీద పెడితే అక్షరాలు పెద్దవిగా కనబడతాయి, కన్ను ఎలా పనిచేస్తుందన్న పాఠంలో సగం అక్కడే పూర్తవుతుంది. సియాటిల్‌లోని పసిఫిక్ సైన్స్ సెంటర్ మరో అడుగు ముందుకు వేసి, ఇలాంటి పనికి శాస్త్రవేత్తలకే శిక్షణ ఇస్తూ 2007లో ఒక కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. తమ పరిశోధన చుట్టూ సందర్శకులు స్వయంగా చేయగలిగే పనిని రూపొందించుకోవడం అందులో ముఖ్యాంశం. పరిశోధన చేయడం వచ్చినంత మాత్రాన దాన్ని చెప్పడం రాదని, అది విడిగా నేర్చుకోవలసిన విద్య అని గుర్తించిన సంస్థలే ఈ విషయంలో రాణించాయని నా అభిప్రాయం. మీ మ్యూజియం వాళ్లను అలాంటి శిక్షణ అడగండి, అడగడం మీ హక్కు.

ప్రశ్న: జూలో కీపర్‌గా పనిచేస్తున్నాను. పెద్ద చదువులు చదవలేదు. సందర్శకులు నన్నే ప్రశ్నలు అడుగుతుంటారు. ‘ఈ మూగజీవాలను ఎందుకు బంధించారు?’ అని కొందరు నిలదీస్తారు. ఇలాంటివాటికి శాస్త్రవేత్తలే జవాబు చెప్పాలి కదా?
– ఒక జూ ఉద్యోగి

జవాబు: మీరే చెప్పండి. ఆ పులి నిన్న ఎంత తిన్నదో, ఈ ఉదయం ఏ కాలు కాస్త ఆచితూచి వేసిందో అందరికంటే ముందు తెలిసేది మీకు. పశువైద్యులు కూడా మొదట మిమ్మల్నే అడుగుతారు. చాలా జూలలో పులికి మత్తుమందు ఇవ్వకుండానే నెత్తురు నమూనా తీస్తున్నారు. పులి కటకటాల పక్కన ఒత్తిగిలి పడుకునేలా, దాని తోకను కీపర్ నెమ్మదిగా బయటికి తీసుకుని పట్టుకున్నా కదలకుండా ఉండేలా ఓపికగా అలవాటు చేస్తారు. సహకరించిన ప్రతిసారీ ఒక మాంసం ముక్క అందుతుంది, ఇష్టం లేకపోతే అది లేచి వెళ్లిపోవచ్చు. దీన్ని సందర్శకుల ముందు చేసేటప్పుడు కారణం చెప్పకపోతే సర్కస్ అనుకుంటారు. తోకలోని రక్తనాళం నుంచి తీసిన ఆ కొద్దిపాటి నెత్తురుతో ఏయే జబ్బులు ముందుగా బయటపడతాయో చెబితే, అదే దృశ్యం వైద్యంగా అర్థమవుతుంది.

బంధించారెందుకన్న ప్రశ్నను దాటవేయకండి, అడిగినవారికి ఆ జంతువుల మీద ప్రేమ ఉండబట్టే అడుగుతున్నారు. కాలిఫోర్నియా కాండార్ అనే రాబందు జాతి 1987 నాటికి ప్రపంచం మొత్తంలో 27 పక్షులకు పడిపోతే, అడవిలో మిగిలినవాటిని కూడా పట్టి జూలకు చేర్చారు. ఆ పక్షి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, దాన్ని తీసి ఇన్‌క్యుబేటర్‌లో పెడితే మరొకటి పెడుతుంది. అలా దక్కిన పిల్లలు మనుషులకు మాలిమి కాకూడదని, కాండార్ తలలా ఉండే తోలుబొమ్మను చేతికి తొడుక్కుని వాటికి మేత పెట్టారు. 1992 నుంచి వాటిని తిరిగి అడవిలోకి వదలడం మొదలైంది, ఇప్పుడు మొత్తం సంఖ్య 500 దాటింది. అయితే వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని తూటాల సీసం తిని అవి ఇంకా చనిపోతున్నాయన్నది కూడా అంతే నిజం, దాన్నీ చెప్పండి. మీ జూలో ఉన్న ప్రతి జంతువు విషయంలోనూ ఇంత గట్టి సమర్థన ఉండకపోవచ్చు. లేనిచోట ఉన్నట్టు చెప్పవద్దని మాత్రం ప్రాధేయపడి కోరుతున్నాను.

ప్రశ్న: ఇలా జనంతో మాట్లాడుతూ కూర్చుంటే పరిశోధన కుంటుపడదా?
– ఒక పాఠకుడు

జవాబు: సమయం పడుతుంది, కాదనను. కానీ రెండూ కలిసి నడిచే చోట్లు ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రియా తారు గుంటల మ్యూజియంలో శిలాజాలు శుభ్రం చేసే ప్రయోగశాలకు అద్దాల గోడలుంటాయి. లోపల పని సాగుతూనే ఉంటుంది, బయట నిలబడ్డవాళ్లు చూస్తూనే ఉంటారు. బోస్టన్ సైన్స్ మ్యూజియంలో పిల్లల మనోవికాసాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు, తల్లిదండ్రుల అనుమతితో అక్కడికి వచ్చిన పిల్లలతోనే తమ అధ్యయనాలు జరుపుతారు, దేని కోసం ఏం చేస్తున్నారో ఆ తల్లిదండ్రులకు అక్కడే వివరిస్తారు. ఇబ్బంది ఎక్కువగా వచ్చేది సంస్థలు ఈ గంటలను ఉద్యోగంలో భాగంగా లెక్కించనప్పుడే. శాస్త్రవేత్తకైనా కీపర్‌కైనా ఆ సమయాన్ని పనివేళల్లోనే కేటాయించాలి, సెలవు రోజున చేయిస్తే దానికి వేరే సెలవు ఇవ్వాలి.