తుపాకీ పట్టకుండా ఆర్మీలో ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా, మెనోనైట్ బ్రదరెన్ సంఘం. మా బాబు ఇంటర్ బైపీసీ. ఆర్మీకే పోతానంటున్నాడు. ఆయుధం పట్టడం మన విశ్వాసం కాదని సంఘ పెద్దలు అంటున్నారు. తుపాకీతో పనిలేని పోస్టు ఏదైనా ఉందా?

జవాబు: అమ్మా, బైబిలు వాక్యం విషయంలో మీ పెద్దలతో నాకు పేచీ లేదు. శత్రువును ప్రేమించమన్న మత్తయి 5వ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు పాటించాలనే సంఘాల్లో మెనోనైట్లది ముందు వరుస. బాప్టిస్టులు, లూథరన్లు, కేథలిక్కులు మాత్రం సైన్యాన్ని తప్పుపట్టరు. లూకా 3:14లో బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులను కొలువు మానేయమనలేదు, జీతంతో తృప్తిపడమన్నాడు అని చూపిస్తారు. మీ బాబు ఈ వచనం ఈపాటికే యూట్యూబ్‌లో వినేసి ఉంటాడు.

అసలు చిక్కు చేరాక వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం ముట్టనన్న డెస్మండ్ డాస్‌ను (అడ్వెంటిస్టు అనే క్రైస్తవ శాఖవాడు) అమెరికా సైన్యం మెడిక్‌గా, అంటే గాయపడ్డవాళ్లకు చికిత్స చేసేవాడిగా ఉంచుకుంది. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ బలవంతపు భర్తీ లేదు కాబట్టి, చేరినవాడు అన్నిటికీ ఒప్పుకుని చేరినట్టే. ఆ తర్వాత రైఫిల్ పట్టనంటే ఆర్మీ చట్టం 1950లోని సెక్షన్ 41 కింద ఆజ్ఞ ధిక్కరించినట్టు. క్లర్కయినా సరే, ట్రైనింగ్‌లో రైఫిల్ విప్పి, తుడిచి, బిగించి, రేంజిలో (కాల్పులు నేర్పే మైదానంలో) బోర్లా పడుకుని కాల్చాల్సిందే.

బైపీసీ కాబట్టి నర్సింగ్ అసిస్టెంట్ పోస్టు చూడవచ్చు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. మొత్తం మీద 50 శాతం, ఒక్కో సబ్జెక్టులో 40 శాతం రావాలి. పనంతా గాయపడ్డవాళ్ల దగ్గరే. కానీ బేసిక్ ట్రైనింగ్‌లో ఆయుధం తప్పదు. పైగా తమనూ రోగులనూ కాపాడుకోవడానికి వైద్య సిబ్బంది చిన్న ఆయుధాలు ఉంచుకోవచ్చని జెనీవా ఒప్పందాలే ఒప్పుకుంటాయి. ఆత్మరక్షణకైనా వద్దన్నది మీ సంఘం మాటైతే ఈ దారి కూడా మూసుకున్నట్టే.

అగ్నివీర్‌గా (నాలుగేళ్ల సైనిక కొలువు) చేరి, నచ్చకపోతే వచ్చేస్తాడులే అనుకోకండి. నాలుగేళ్లు నిండకుండా సొంతంగా వదిలేస్తానంటే మామూలుగా ఒప్పుకోరు.

ఇంకొకటి చాలామంది అడగరు. యూనిట్లలో మత పరేడ్లు, అంటే యూనిట్ అంతా కలిసి ప్రార్థనకు హాజరయ్యే కార్యక్రమాలు ఉంటాయి. రెజిమెంట్ గుడి గర్భాలయంలోకి రానన్న ఒక క్రైస్తవ అధికారి తొలగింపును 2025లో ఢిల్లీ హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు సమర్థించాయి. ఇది పాస్టరుగారితో ముందే మాట్లాడుకోండి.

మోజంతా యూనిఫాం మీద, ప్రాణాలు కాపాడే పని మీద అయితే తెలంగాణ అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్ ఉంది. ఇంటర్ చాలు, నోటిఫికేషన్ ఇచ్చేది పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డే. బీఎస్సీ నర్సింగ్ కూడా మంచిదే. విపత్తుల్లో జనాన్ని కాపాడే ఎన్డీఆర్ఎఫ్‌ను మాత్రం తుపాకీ లేని దారి అనుకోకండి. అందులోకి బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటి దళాల నుంచే పంపుతారు.

బాబును కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: రేంజిలో ఎదురుగా మనిషి ఆకారం టార్గెట్ పెడితే కాలుస్తావా? వాడేమంటాడో విన్నాకే అప్లికేషన్ ఫీజు కట్టండి.