ఒకే శాంపిల్‌కి రెండు సీఓడీలా? ముందు క్లోరైడ్ చూడండి

భీమిలి వైపు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంట్) ల్యాబ్ చూస్తున్నానని రాశారు. శుద్ధి చేసిన నీళ్లకు మీ టైట్రేషన్‌లో సీఓడీ (నీటిలోని మురికిని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 640 మిల్లీగ్రాములు వస్తే, అదే శాంపిల్‌కి బయటి ల్యాబ్ మీటర్‌లో 210 వచ్చిందట. ఏ పద్ధతిని నమ్మాలని మీ ప్రశ్న. నాకైతే ఇది పద్ధతుల తేడాలా అనిపించడం లేదు. ఆ నీళ్లలో క్లోరైడ్ ఎంతుందో చూశారా?

విశాఖలో ల్యాబ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇలాగే అయింది. వయల్ అనే చిన్న గాజు గొట్టంలో వెండి కలిసిన ఆసిడ్ పోయగానే విరిగిన పాలలా తెల్లటి తరకలు తేలాయి. నేను పట్టించుకోలేదు. రెండు గంటలు వేడిలో డైజెస్ట్ చేసి (అంటే మురికిని ఆక్సీకరించి), టైట్రేట్ చేసి, వచ్చిన అంకె రిపోర్టులో రాసేశాను. అది 250 పరిమితి దాటింది. ఆ ప్లాంట్ ఆపరేటర్ నాలుగు రోజులు రాత్రనక పగలనక నీళ్లలోకి గాలి పంపే బ్లోయర్లు నడిపి, నీళ్లు ఎందుకు బాగుపడటం లేదని నాకే ఫోన్ చేశారు. నీళ్లు బాగానే ఉన్నాయి, తప్పు నాది. ఆ ఫోన్ నాకింకా గుర్తే.

ఆ తరకలు సిల్వర్ క్లోరైడ్. ఉత్ప్రేరకంగా వేసిన వెండి అలా విడిపోతే కొన్ని సేంద్రియ పదార్థాలు పూర్తిగా ఆక్సీకరణం చెందవు. మరోవైపు మురికిని ఆక్సీకరించడానికి వేసే డైక్రోమేట్ క్లోరైడ్‌నే తినేస్తుంది. ఒక మిల్లీగ్రాము క్లోరైడ్ దాదాపు 0.226 మిల్లీగ్రాముల సీఓడీగా కనిపిస్తుంది. సముద్రపు నీటిలో క్లోరైడ్ లీటరుకు 19,000 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది కాబట్టి, అడ్డుకోకపోతే మురికి ఏమీ లేకున్నా సీఓడీ 4,000 దాటి కనిపించగలదు. తీరం పక్క బోర్లలో ఉప్పు ఉంటుంది, మీ యూనిట్‌లో ఉప్పునీళ్లు కూడా వాడుతుంటారు కదా.

అందుకే మొదట సిల్వర్ నైట్రేట్‌తో, పొటాషియం క్రోమేట్ సూచికతో క్లోరైడ్ కొలవండి. ఆ క్లోరైడ్‌ని పట్టి ఉంచే మెర్క్యురిక్ సల్ఫేట్ చిటికెడు లెక్కన వేయకూడదు. క్లోరైడ్ బరువుకు పది రెట్లు ఉండాలి. శాంపిల్‌లో దాన్ని ముందు కలిపి బాగా ఊపాకే డైక్రోమేట్, ఆ తర్వాత సిల్వర్ ఆసిడ్ (సిల్వర్ సల్ఫేట్ కలిపిన సల్ఫ్యూరిక్ ఆసిడ్). క్లోరైడ్ 2,000 దాటితే శాంపిల్‌ని పలుచన చేయక తప్పదు. కానీ అయిదు రెట్లు పలుచన చేస్తే మీ చేతి తప్పు కూడా అయిదు రెట్లు పెరుగుతుంది, అందుకని మూడు వయల్స్ పెట్టండి.

నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఒకటుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 10 గ్రాముల ఉప్పు కలపండి, ల్యాబ్‌లో ఉండే సోడియం క్లోరైడే, వంటింటిది కాదు. క్లోరైడ్ 6,000 పైచిలుకు వస్తుంది. దాన్ని శాంపిల్ లాగే పలుచన చేసి నడపండి. సీఓడీ సున్నాకు దగ్గరగా రావాలి. రాకపోతే మీ 640లో ఉప్పు వాటా కూడా ఉన్నట్టే. దాని పక్కనే లీటరుకు 425 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రోజన్ థాలేట్ స్టాండర్డ్ (సీఓడీ ముందే తెలిసిన ద్రావణం) కూడా పెట్టండి. అది 500 చూపాలి.

మీటరైనా టైట్రేషనైనా 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు డైజెస్ట్ చేసేది ఆ డైక్రోమేట్‌తోనే. చివర్లో లెక్క తీసే తీరే వేరు. మీటర్ రంగు చదువుతుంది కాబట్టి వయల్ మసకగా ఉంటే 600 నానోమీటర్ల దగ్గర అంకె పెరుగుతుంది, అడుగు తేరేదాకా ఆగండి. వయల్ పూర్తిగా ఆకుపచ్చగా మారితే డైక్రోమేట్ అయిపోయినట్టే, పలుచన చేసి మళ్లీ పెట్టాలి. టైట్రేషన్‌లో ఫెర్రోయిన్ సూచిక నీలం కలిసిన ఆకుపచ్చ నుంచి ఇటుక ఎరుపుకు ఒక్క చుక్కలో మారుతుంది. ఆ చుక్క దాటితే మీ కంటికి తెలియదు. టైట్రేషన్‌కి వాడే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ బలం గాలికే తగ్గిపోతుంది గనుక వాడే ప్రతిరోజూ స్టాండర్డైజ్ చేయండి.

వాడేసిన వయల్స్‌లో పాదరసం, క్రోమియం ఉంటాయి. సింక్‌లో పోయొద్దు, వేరే డబ్బాలో పెట్టి ప్రమాదకర వ్యర్థాల కింద పంపండి. ఆ సింక్ నీళ్లు చివరికి చేరేది మన సముద్రంలోకే. క్లోరైడ్ అంకె వచ్చాక ఇక్కడే రాయండి, ఎన్ని రెట్లు పలుచన చేయాలో కలిసి లెక్కేద్దాం.