శెనక్కాయల్లో బూజు విషం పట్టే సెన్సార్ల మీద పీహెచ్‌డీ: పాపని చేర్పించొచ్చా?

అనంతపురం జిల్లా నుంచి ఒక రైతు అడిగారు: "మా పాప ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది, నెట్ పరీక్ష పాసైంది గానీ జేఆర్ఎఫ్ (పరిశోధనకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాలేదు. ఇప్పుడు తిండిలో విషాలు కనిపెట్టే ఫ్లోరసెంట్ సెన్సార్ల మీద పీహెచ్‌డీ సీటొచ్చింది, అయిదేళ్ళు పడుతుందంట. చివర్లో ఉద్యోగం ఉంటుందా మేడమ్, లేకపోతే బీఈడీ చేయించమంటారా?"

అన్నా, ఈ సబ్జెక్టు మీ చేలోదే. కాయ ముదిరే టైంలో వాన రాక నేల బెట్టకొస్తే, లేదా సరిగ్గా ఎండకుండానే మూటలు కట్టేస్తే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడుతుంది కదా, అది వదిలే విషమే అఫ్లాటాక్సిన్, లివర్ క్యాన్సర్ తెచ్చే రకం. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష దాకా టర్కీ కోళ్ళు చచ్చిపోతే ఏంటా అని వెతికితే వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఇంకో సంగతేంటంటే యూవీ లైటు కింద పెడితే ఈ విషం దానంతటదే వెలుగుతుంది, నీలంగా వెలిగేవాటికి బి అని, ఆకుపచ్చగా వెలిగేవాటికి జి అని పేర్లు కూడా ఇంగ్లీషులో ఆ రంగుల మొదటి అక్షరాలతోనే పెట్టారు. పాప చదవబోయేది ఈ వెలుగు గురించే. విషం వచ్చి అతుక్కోగానే వెలుగు పెరిగేలాగో ఆరిపోయేలాగో ఒక పదార్థం తయారు చేసి, ఎంత మారిందో కొలిచి, విషం ఎంతుందో చెప్పడం.

ఎంత తక్కువ కొలవాలంటే, నేరుగా తినే పల్లీల్లో యూరప్ వాళ్ళు ఒప్పుకునేది మొత్తం 4 పీపీబీ, అంటే టన్ను పప్పుల్లో 4 మిల్లీగ్రాములు. అంతకు మించితే సరుకు వెనక్కే. అందుకని ఈ పనికి అవసరం లేకుండా పోదు, ఆ భయం వద్దు.

నా భయం వేరే ఉంది. ఈ టాపిక్ మీద పేపర్లు కుప్పలుగా వస్తున్నాయి, చాలావాటిలో సెన్సార్ శుభ్రమైన నీళ్ళలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదే మిరప్పొడిలోనో పల్లీ పిండిలోనో వేస్తే ఆ తిండికుండే రంగు, నూనె, దాని సొంత వెలుగు అన్నీ కలిసి లెక్క తప్పుతుంది. నా దగ్గరికొచ్చిన ఒకమ్మాయి నాలుగు పేపర్లు వేసి కూడా ఇంటర్వ్యూలో "నిజం శాంపిల్‌లో చూశారా, హెచ్‌పీఎల్‌సీతో పోల్చారా" అని అడిగితే (హెచ్‌పీఎల్‌సీ అంటే శాంపిల్‌లోని పదార్థాలని విడదీసి కొలిచే ల్యాబ్ మెషీన్) ఏం చెప్పలేకపోయింది, తెలివైన పిల్ల, ఆ పని ఎవరూ చేయించలేదంతే, నాకు చాలా బాధేసింది. శాంపిల్ తీయడం కూడా పెద్ద విద్యే, బస్తాలో విషమంతా ఏ నాలుగు గింజల్లోనో ఉంటుంది, పైన గుప్పెడు తీసి చూస్తే ఎంత గొప్ప సెన్సారైనా ఏమీ లేదనే చెప్తుంది.

కాబట్టి నా మాట, చేర్పించండి, కానీ ముందు మూడు సంగతులు తేల్చుకోండి. గైడ్ దగ్గర నిజం శాంపిల్స్ మీద పని జరుగుతోందా, ఫ్లోరసెన్స్ డిటెక్టర్, అంటే ఆ వెలుగుని కొలిచే భాగం, ఉన్న హెచ్‌పీఎల్‌సీ మీద పాపకి చెయ్యి తిరిగే అవకాశం ఉందా (ఫుడ్ ల్యాబుల్లో అఫ్లాటాక్సిన్ ఎక్కువగా చూసేది దాని మీదే, ఉద్యోగం ఇప్పించేదీ అదే), జేఆర్ఎఫ్ లేదు కాబట్టి ప్రాజెక్టు నుంచి ఫెలోషిప్ ఇస్తారా. మూడోది లేకపోతే అప్పు చేసి మాత్రం చేర్పించొద్దు అన్నా, ఒక ఏడాది ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తూ జేఆర్ఎఫ్‌కి మళ్ళీ రాయమనండి, వస్తే నెలకి 37,000 ప్లస్ హెచ్‌ఆర్‌ఏ, అప్పుడు గైడ్‌ని పాపే ఎంచుకోవచ్చు. ల్యాబ్‌లో మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, కానీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మీద తిండి పరీక్షల్లో మూడేళ్ళ అనుభవం ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్రం ఆహార భద్రతా సంస్థ) పెట్టే ఫుడ్ అనలిస్ట్ పరీక్షకి దారి తెరుచుకుంటుంది, దాని సంగతి చాలామంది కెమిస్ట్రీ పిల్లలకి తెలీదు.

బీఈడీ మంచి చదువే, పాపకి పాఠం చెప్పడం ఇష్టమైతే. మీరు రాసినదాన్లో పాపకేం కావాలో ఎక్కడా లేదు, అది ముందు అడగండి. సీటు ఫీజు కట్టకముందే ఒక రోజు ఆ ల్యాబ్‌కి పంపండి, గైడ్ లేనప్పుడు అక్కడి సీనియర్లతో కూర్చుని, ముందు బ్యాచ్ వాళ్ళు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో కనుక్కుని రమ్మనండి.